రెండుతో మొదలయ్యే లెక్క

మా ఇంట్లో లెక్క రెండుతో మొదలవుతుంది.

మాకు కవల పిల్లలు. ఇద్దరూ మగపిల్లలే. ఇప్పుడు రెండున్నరేళ్ళు. బిస్కెట్టు ఒకటి చేతిలో పెడితే రెండో చెయ్యి కూడా చాపి "లెండు" అంటారు. అత్యాశ అనుకునేరు, కాదు. ఒకటి తనకి, ఇంకోటి వాడికి. మా బాల్కనీలోంచి మెట్రో కనిపిస్తుంది. మియాపూర్ వైపు వెళ్ళే రైలు వస్తే, ఎల్బీ నగర్ వైపు వెళ్ళేది కూడా వచ్చేదాకా అక్కడ్నించి కదలరు. అది వచ్చాక "లెండు లైళ్ళు" అని సంతకం పెట్టినట్టు చెప్పి లోపలికొస్తారు. చందమామ దగ్గర మాత్రం ఇబ్బంది పడుతున్నారు. ఎంత వెతికినా రెండోది దొరకడం లేదు.

నేను ఇంట్లో ఉండే నాన్నని. ఈ మాట చెప్పగానే అవతలివాళ్ళు "అంటే, వర్క్ ఫ్రం హోమా?" అంటారు, నాకు సాయం చెయ్యడానికన్నట్టు. సగం నిజమే. పిల్లలు పడుకున్నాక అనువాదాలు చేస్తాను. మందుల పెట్టెల్లో మడతలు మడతలుగా పెట్టే కాగితాలు, మిక్సీల వాడక సూచనలు, అలాంటివి. మిగతా రోజంతా పిల్లలతోనే.

మా ఆవిడ ఒక ప్రైవేటు సంస్థలో ఆడిటింగ్ పని చేస్తుంది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించాక తల్లికి జీతంతో 26 వారాల సెలవు వచ్చింది. కడుపులో ఒకరున్నా ఇద్దరున్నా అవే 26 వారాలు. తండ్రికి మాత్రం ప్రైవేటు ఉద్యోగాల్లో చట్టం ప్రకారం ఒక్కరోజు కూడా లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజులు. నేను పనిచేసిన చోట దయతలిచి ఐదు రోజులిచ్చారు. ఆ ఐదు రోజులూ పిల్లలు ఆసుపత్రి అద్దాల గదిలోనే ఉన్నారు.

తన సెలవు అయిపోవచ్చినప్పుడు కాగితం, పెన్నూ పెట్టుకుని కూర్చున్నాం. ఆయా జీతం, ఫ్లాట్ అద్దె, తన జీతం, నా జీతం. నాది తక్కువ. కాగితం మీద ఐదు నిమిషాల్లో తేలిపోయింది. మా నాన్నకి చెప్పడానికి మాత్రం పది రోజులు పట్టింది. ఆయన తెనాలిలో ఉంటారు, రిటైరైన లెక్కల మాస్టారు. విని, ఫోన్లో కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఎన్నాళ్ళు?" అన్నారు. తెలీదన్నాను. "సర్లే. భోంచేశావా?" అన్నారు.

రోజు ఎలా ఉంటుందంటే, పొద్దున్న ఐదున్నరకి మొదలవుతుంది. ఒకడు లేస్తాడు. లేచినవాడు నన్ను లేపడు, రెండోవాణ్ణి లేపుతాడు. ఇద్దరూ కలిసి నన్ను లేపుతారు. పాలు రెండు స్టీలు గ్లాసుల్లో, ఒకే సైజువి, ఒకే షాపువి. ఇదివరకు ఒకడికి నీలం కప్పు, ఇంకొకడికి పసుపు కప్పు కొన్నాం. వారం రోజులు ఇంట్లో యుద్ధం నడిచింది. ఎవడికీ నీలం కప్పు కావాలని కాదు, అవతలివాడి చేతిలో ఉన్నది కావాలి. రెండు కప్పులూ అటక మీదికి వెళ్ళిపోయాయి.

పాలయ్యాక పాటీ, స్నానం, ఇడ్లీ. ఇడ్లీ ముక్కలు నెయ్యిలో అద్ది ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి తినిపిస్తాను. పిచ్చుకల్లాగా వంతులవారీగా నోళ్ళు తెరుస్తారు. వంతు తప్పితే ఊరుకోరు. పదకొండింటికి పప్పన్నం. తర్వాత నిద్ర. ఈ నిద్ర దగ్గరే నా బతుకు తెల్లారుతుంది. ఒకడు కళ్ళు మూసే వేళకి రెండోవాడు కళ్ళు తెరుస్తాడు. ఇద్దరూ ఒకేసారి ముప్పావుగంట పడుకున్న రోజు నాకు పండగ. ఆ ముప్పావుగంటలో గబగబా ఏదో పని చేసేద్దామనుకుంటాను. చెయ్యను. ఊరికే గోడకానుకుని కూర్చుంటాను.

సాయంత్రం కిందికి దింపాలి. ఇద్దరూ పక్కపక్కన కూర్చునే బండి ఒకటి కొన్నాం. ఇంటికి తెచ్చాక తెలిసింది అది మా లిఫ్టులో పట్టదని. అందుకని ఒకణ్ణి చంకనెత్తుకుని, ఇంకొకణ్ణి చెయ్యి పట్టుకుని నడిపిస్తాను. రెండో అంతస్తు దాటగానే చెయ్యి పట్టుకున్నవాడు చంక ఎక్కుతానంటాడు. చంకలో ఉన్నవాడు దిగనంటాడు. పదకొండు కిలోలు అటు, పదకొండు కిలోలు ఇటు.

లిఫ్టులో ఎదురైనవాళ్ళ ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. "అయ్యో, ఒకే అచ్చండీ! ఎలా గుర్తుపడతారు?" "మీ వైపు కవలలున్నారా, వాళ్ళ వైపా?" "ఏమనుకోకండి, మామూలుగానేనా, ఐవీఎఫ్ఫా?" మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ణి. కవలలు రెండు రకాలని. రెండు అండాల్లోంచి వచ్చినవాళ్ళు మామూలు అన్నదమ్ముల్లాంటివాళ్ళేనని, అలాంటి కవలలు కొన్ని కుటుంబాల్లో తల్లి వైపు నుంచి వస్తుంటారని. ఒకే అండం రెండుగా విడిపోతే పుట్టేవాళ్ళు ఇలా ఒకే అచ్చుగా ఉంటారని, అది ఏ వంశానికీ సంబంధం లేకుండా వెయ్యి కాన్పుల్లో మూడు నాలుగు చోట్ల జరిగిపోతుందని. ఈ ఉపన్యాసం నాలుగు అంతస్తుల్లో పూర్తవదు. ఇప్పుడు నవ్వి ఊరుకుంటున్నాను. వేలిముద్రలు మాత్రం ఇద్దరివీ వేరేనండీ అంటాను. గోడ మీద కుంకుమ చేతులు అద్దిన రోజున ఆ తేడా నాకేమీ ఉపయోగపడలేదు.

వాళ్ళు నెలరోజులు ముందుగా పుట్టారు. ఒకడు రెండు కిలోల నూరు గ్రాములు, ఇంకొకడు కిలో తొమ్మిదివందలు. ఇద్దరి మధ్యా నాలుగు నిమిషాల తేడా. పాదాలకి పట్టీలు కట్టారు, ట్విన్ 1 అనీ, ట్విన్ 2 అనీ. మూడోరోజున నర్సు నన్ను చొక్కా విప్పి కూర్చోమంది. కంగారూ పద్ధతి అంటారు దాన్ని. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో, నెలలు తక్కువ పిల్లలకి ఇంక్యుబేటర్లు చాలక అక్కడి డాక్టర్లు మొదలుపెట్టారట, బిడ్డని తల్లి గుండె మీద చర్మానికి చర్మం ఆనించి ఉంచడం. మా ఆవిడకి ఆపరేషన్ అయి లేవలేని స్థితిలో ఉంది కాబట్టి ఆ పని నాకొచ్చింది. ఒకణ్ణి గంటసేపు, తర్వాత రెండోవాణ్ణి గంటసేపు. ఒక్కణ్ణే గుండె మీద పెట్టుకుని, వాడి ఊపిరి ఒక్కటే వింటూ కూర్చోవడం అదే మొదలు. ఇంటికొచ్చాక రెండేళ్ళపాటు మళ్ళీ అలా కూర్చున్నది లేదు. ఆ సంగతి నాకు తోచడానికి కూడా రెండేళ్ళు పట్టింది.

పేర్లున్నాయి. మంచి పేర్లే పెట్టాం. ఇక్కడ రాయను, నా రాతల్లో వాళ్ళ పేర్లు వెయ్యొచ్చా అని అడిగితే చెప్పే వయసు వాళ్ళకింకా రాలేదు. అయినా ఇంట్లో ఆ పేర్లెవరూ పిలిచేవాళ్ళు కాదు. పెద్దోడు, చిన్నోడు. 2013లో వచ్చిన సినిమా పుణ్యమా అని ఆ రెండు పిలుపులూ అందరి నోళ్ళలోనూ ఉన్నాయి కదా, మాకూ అలవాటైపోయాయి.

మా అత్తగారికి మాత్రం దీనిమీద పేచీ ఉండేది. ఆవిడది విజయనగరం. ఆవిడ లెక్కలో వెనక పుట్టినవాడే పెద్దోడు. "ముందు కడుపులో పడ్డోడు లోపలికంటా ఉంటాడు బాబూ, వెనక పడ్డోడు గుమ్మం దగ్గరుంటాడు. తలుపు తియ్యగానే గుమ్మం దగ్గరున్నోడే కదా ముందు బయటికొస్తాడు?" అని బస్సు ఉదాహరణతో సహా చెప్పేది. మా ఆవిడ ఆసుపత్రి కాగితం చూపించేది. "కాగితానికేం తెలుసు" అనేది ఆవిడ. నవ్వుకునేవాళ్ళం. కొన్నాళ్ళకి ఆవిడే తగ్గి, మా లెక్క ప్రకారమే పిలవడం మొదలుపెట్టింది. తగ్గిందనే అనుకున్నాం.

గుర్తు కోసం మొలతాళ్ళు రంగులు మార్చి కట్టాం. ముందు పుట్టినవాడికి నల్లది, వెనక పుట్టినవాడికి ఎర్రది. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మా ఆవిడ ఏ రోజూ మొలతాడు చూడలేదు. ఆఫీసునుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ, వెనక్కి తిరిగి ఉన్నవాణ్ణి కూడా సరిగ్గా పిలుస్తుంది. పగలంతా వాళ్ళతో ఉండేది నేను, చొక్కా ఎత్తి మొలతాడు చూసేదీ నేనే. పగటి వెలుతుర్లో, నిదానంగా ఉన్నప్పుడు మొహాలు తెలిసేవి. హడావుడిలో, చీకట్లో, ఏడుస్తున్నప్పుడు తెలిసేవి కావు. అందులో తప్పేముంది, ఒకే అచ్చు కదా అనుకునేవాణ్ణి. పైగా ఎవడికేం కావాలో తెలియాల్సిన అవసరమూ పెద్దగా లేదు. ఇద్దరికీ పాలు, ఇద్దరికీ స్నానం, ఇద్దరికీ నిద్ర. పని జరిగిపోతోంది.

మొన్న వానాకాలంలో మా ఆవిడ మూడు రోజుల ఆడిట్ పని మీద విశాఖపట్నం వెళ్ళాల్సి వచ్చింది. అత్తగారు సాయానికొచ్చారు. రెండో రోజు మధ్యాహ్నం ఒకడికి ఒళ్ళు వెచ్చబడింది. సాయంత్రానికి రెండోవాడికీ. డాక్టరు చూసి వైరల్ జ్వరమే, భయం లేదన్నారు. జ్వరం వంద దాటితే పారాసిటమాల్ సిరప్పు మూడు ఎం.ఎల్., డోసుకీ డోసుకీ మధ్య ఆరుగంటలు. చీటీ ఇద్దరి పేర్లతో రెండు రాశారు. మందు సీసా ఒకటే కొన్నాను.

ఆ రాత్రి పన్నెండు దాకా నేను కూర్చున్నాను. తర్వాత అత్తగారు లేచి నన్ను పడుకోమన్నారు. ఒకటిన్నరకి ఆవిడ తట్టి లేపారు. "పెద్దోడికి ఒళ్ళు కాలిపోతంటే ఇప్పుడే మందేశాను బాబూ. చిన్నోడు పడుకున్నాడు. లేచాక ఆడికెయ్యండి" అని చెప్పి, అక్కడే చాప మీద వాలిపోయారు. రెండు రోజులుగా ఆవిడకీ నిద్ర లేదు.

రెండుంపావుకి ఒకడు ఏడుస్తూ లేచాడు. జీరో బల్బు వెలుతురు. చొక్కా ఎత్తి చూశాను. ఎర్ర మొలతాడు. చిన్నోడు. ఒళ్ళు వేడిగానే ఉంది. సీసా కుదిపి, మూడు గీత దాకా సిరప్పు పోసి నోటి దగ్గర పెట్టాను. వాడు మొహం పక్కకి తిప్పేశాడు.

"అయిపోయింది" అన్నాడు.

మా ఇంట్లో ఈ మాట రోజుకి నలభైసార్లు వినపడుతుంది. అన్నం తిననన్నప్పుడు, స్నానానికి రానన్నప్పుడు, పళ్ళు తోముకోనన్నప్పుడు, గిన్నె నిండా అన్నం ఉండగానే "అయిపోయింది" అని లేచి వెళ్ళిపోతారు. "ఎక్కడయిపోయిందిరా, మా నాయన కదూ" అంటూ దవడ నొక్కి పోసేశాను. వాడు మింగి, కాసేపు నా మొహంలోకి చూసి, మళ్ళీ "అయిపోయింది" అన్నాడు. ఏడవలేదు. భుజం మీద వేసుకుని జోకొడితే పడుకున్నాడు.

మూడింటికి రెండోవాడు మూలుగుతుంటే చెయ్యి వేసి చూశాను. చెయ్యి పెట్టలేనంత వేడి. థర్మామీటరు నూటమూడు చూపించింది. ఈ వయసు పిల్లలకి జ్వరం పెరిగితే ఫిట్స్ వస్తాయని ఎక్కడో చదివింది గుర్తొచ్చి కాళ్ళూ చేతులూ ఆడలేదు. అత్తగారిని లేపాను. "మందేసి గంటన్నరయినా తగ్గలేదండీ" అన్నాను.

"ఆడికింకా మందేటి బాబూ? మీరెయ్యలేదా?" అన్నారు ఆవిడ.

"మీరు పెద్దోడికి వేశానన్నారు కదా!"

ఆవిడ చెయ్యి చాపి, నా పక్కన పడుకున్న ఎర్ర మొలతాడువాణ్ణి చూపించారు. "ఈ పెద్దోడికేశాను."

పగలు మా లెక్క. నిద్ర కళ్ళతో అర్ధరాత్రి మాట్లాడినప్పుడు ఆవిడ లెక్క. ఎర్రతాడువాడికి ముప్పావుగంట తేడాలో రెండు డోసులు పడ్డాయి. నల్లతాడువాడికి ఒక్కటీ పడలేదు. ఏది జరిగిందో అది చెప్పినవాడు ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు. వాడి దవడ నేను నొక్కాను.

డాక్టరుకి ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తారు. ఎంత మందు, ఎంత బరువు, ఎప్పుడెప్పుడు, వాంతులయ్యాయా అని అడిగారు. నా గొంతు వణుకుతున్నట్టు ఆయనకి తెలిసే ఉంటుంది. "కూర్చోండి ముందు. ఆ బరువుకి ఒక్కసారి పడిన ఈ మోతాదుతో ప్రమాదం లేదు. తర్వాత వెయ్యాల్సిన డోసు ఆపేసి పొద్దున్న తీసుకురండి. వాంతులైనా, మత్తుగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళిపోండి. రెండోవాడికి ఇప్పుడు వెయ్యండి" అన్నారు. పెట్టేసే ముందు, "ఈసారి ఎవరు ఎవరో చూసుకుని వెయ్యండి" అన్నారు. వెక్కిరించలేదు, మామూలుగానే అన్నారు.

నల్లతాడువాడికి మందు వేసి, గోరువెచ్చని నీళ్ళల్లో గుడ్డ ముంచి ఒళ్ళు తుడిచాం. నాలుగున్నరకి చెమటలు పట్టి వేడి దిగింది. ఎర్రతాడువాడి పొట్ట మీద చెయ్యి వేసుకుని అత్తగారు తెల్లారేదాకా కూర్చున్నారు. "నా నోరు పడిపోను" అని ఒకటే మాట. ఆవిడ తప్పు కాదని చెప్పాను. నిజంగానే కాదు. అంతకుముందు వారమే నేను ఒక మందు కాగితం అనువాదం చేసి పంపాను. సూచించిన మోతాదుకు మించి ఇవ్వరాదు, మోతాదు మించితే కాలేయానికి హాని కలగవచ్చు. ఆ వాక్యాలు రాసింది నేనే. వాటిలో "పిల్లవాడికి" అని ఏకవచనం వాడానో, "పిల్లలకు" అని బహువచనం వాడానో గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాను. "పిల్లలకు" అనే రాసినట్టున్నాను.

ఆరింటికి మా ఆవిడకి ఫోన్ చేశాను. చెప్పకుండా దాచేద్దామా అని ఒక్క నిమిషం అనిపించింది. తను ఆడిటర్. ఎప్పుడో ఒకప్పుడు పట్టుకుంటుంది. మొత్తం చెప్పాను. అటువైపు ఊపిరి వినిపించింది. తర్వాత "ఎవరికి?" అంది. "చిన్నోడికి" అన్నాను. "పేరు చెప్పండి" అంది. చెప్పాను. నా నోటికి ఆ పేరు కొత్తగా తగిలింది.

"వాడు మీకు చెప్పలేదా, వేసేశారని?" అంది.

"అయిపోయిందన్నాడు. రోజూ అంటూనే ఉంటారుగా అని..."

"రోజూ అలా ఎగ్గొట్టేది వాడు కాదండీ. రెండోవాడు. వీడు అయిపోతేనే అయిపోయిందంటాడు."

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. రోజుకి నలభైసార్లు వినపడే ఆ మాటలో ముప్పై అయిదు ఒకడివి. అయిదు ఇంకొకడివి, ఆ అయిదూ నిజాలు. పన్నెండు గంటలు ఆఫీసులో ఉండే మనిషికి తెలిసిన సంగతి పన్నెండు గంటలూ పక్కనుండే నాకు తెలియలేదు. నేను వాళ్ళిద్దర్నీ పెంచుతున్నాననుకున్నాను. "పిల్లలు" అనే ఒక్క మనిషిని పెంచుతున్నాను. ఆ మనిషికి నాలుగు చేతులు, రెండు నోళ్ళు.

పొద్దున్న డాక్టరు ఇద్దర్నీ చూసి పర్వాలేదన్నారు. మూడో రోజుకి జ్వరాలు తగ్గాయి. మా ఆవిడ తిరిగొచ్చాక ఇంట్లో ఒక నియమం పెట్టాం. పెద్దోడు, చిన్నోడు అనకూడదు, పేర్లే పిలవాలి. తప్పితే పది రూపాయలు హుండీలో. మొదటి వారంలో అత్తగారు నూటయాభై కట్టారు, నేను రెండొందల పది. మందు వేస్తే గోడ మీది క్యాలెండర్లో పేరు, టైము రాయాలి. ఇవి ఇంటి పద్ధతులు. మార్చడం తేలికే.

నేను మారడానికి ఇంకో పని చెయ్యాల్సి వచ్చింది. శనివారం ఒకణ్ణి, ఆదివారం ఒకణ్ణి, ఒక్కణ్ణే బయటికి తీసుకెళ్ళడం. మా ఆవిడ ఇంట్లో ఉండే రోజులు కాబట్టి కుదిరింది. వినడానికి ఏమీ లేదు. కానీ రెండేళ్ళలో నేను ఏ ఒక్కడితోనూ ఒంటరిగా గంటసేపు లేను. ఆసుపత్రిలో చొక్కా విప్పి కూర్చున్నదే ఆఖరు.

మొదటి శనివారం నల్లతాడువాణ్ణి తీసుకుని కూకట్‌పల్లి రైతుబజారుకి వెళ్ళాను. ఇంట్లో వీడు రౌడీ. ముందు దూకేది వీడే, లాక్కునేది వీడే. మెట్ల దగ్గర పడుకునే కుక్కని అదిలించేదీ వీడే. ఆ రోజు అదే కుక్క పక్కనుంచి వెళ్ళడానికి నా ప్యాంటు పట్టుకుని కాళ్ళ మధ్య దూరాడు. వెనక్కి తిరిగి చూసుకున్నాడు, ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. అప్పుడర్థమైంది. వీడి ధైర్యమంతా వెనక నిలబడేవాడి మీద ఆధారపడి ఉంది. రైతుబజారులో టమాటాల గుట్ట ముందు నిలబడి గొంతు తగ్గించి "నాన్నా, ఎత్తుకో" అన్నాడు. వీడి గొంతులో ఆ మెత్తదనం నేనెప్పుడూ వినలేదు. ఇంట్లో వినిపించుకోవాలంటే అరవాల్సిందే కదా.

మర్నాడు ఎర్రతాడువాడి వంతు. వీడికి మాటలు ఆలస్యమని నాకు లోపల బెంగ. కవలల్లో మాటలు కొంచెం ఆలస్యంగా రావడం మామూలేనని డాక్టరు చెప్పినా, పక్కనే ఒకడు గలగలా మాట్లాడుతుంటే పోల్చకుండా ఉండటం నావల్ల అయ్యేది కాదు. ఆటో ఎక్కాం. పక్కన ఖాళీ సీటు మీద చెయ్యి వేసి తట్టి చూశాడు. ఆటో అద్దంలో తన మొహం చూసి తమ్ముడి పేరు పిలిచాడు. తమ్ముడో అన్నయ్యో, ఎవరి లెక్క ప్రకారమన్నది వదిలేయండి. సాధారణంగా ఏడాదిన్నరకీ రెండేళ్ళకీ మధ్య పిల్లలు అద్దంలో ఉన్నది తామేనని పోల్చుకుంటారట. పుట్టినప్పట్నుంచీ అదే మొహం ఎదురుగా చూస్తున్నవాడికి ఆ పని ఇంకొంచెం కష్టం కాబోలు. "అది నువ్వేరా" అని పొట్ట మీద వేలు పెట్టి చెప్పాను. నమ్మినట్టు కనపడలేదు.

పది నిమిషాలు ఊరుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు. ఆటో, బస్సు, అదిగో కొబ్బలికాయ, అంకుల్ పలిగెడుతున్నాడు, వాన లేదు, నాన్నా వాన లేదు, అమ్మ ఆఫీసు, అమ్మ ఆఫీసు లేదు. వీడికి మాటలున్నాయి. ఇంట్లో వీడు నోరు తెరిచే లోపల రెండోవాడు చెప్పేస్తాడు, నేను చేసేస్తాను. వీడు ఊరుకుంటాడు. వీడి వంతు వచ్చేదాకా ఆగడానికి ఇంట్లో ఎవరికీ తీరిక లేదు. ఉన్న ఆ ఒక్కసారీ, ఆ అర్ధరాత్రి, స్పష్టంగా ఒక మాట చెప్పాడు.

జాంపళ్ళ దగ్గర ఆగి ఒక పండు కోయించి చేతిలో పెట్టాను. రెండో చెయ్యి చాపాడు. "లెండు" అన్నాడు. ఇంకోటి కొని సంచిలో వేశాను. సంచి తను పట్టుకుంటానన్నాడు. ఇల్లు చేరేదాకా తన చేతిలోని పండు కూడా కొరకలేదు. గుమ్మంలో వాడికిచ్చి, అప్పుడు కొరికాడు.

వాళ్ళని విడదీస్తున్నానా అన్న అనుమానం అప్పుడప్పుడూ వస్తుంది. ఉన్నది రెండున్నరేళ్ళు, పుట్టకముందు నుంచీ తోడుగా ఉన్నవాళ్ళు. గంటసేపు దూరంగా ఉండి తిరిగొచ్చాక ఒకళ్ళ మొహం ఒకళ్ళు తడుముకుని చూసుకుంటారు. ఆ గంట నా కోసం, వాళ్ళ కోసం కాదేమో. అయినా మానెయ్యను.

మా నాన్నకి ఈ మందు సంగతి చాలా రోజుల తర్వాత చెప్పాను. విని, ఎప్పట్లాగే కాసేపు ఊరుకున్నారు. తర్వాత, "నువ్వు చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే ఏ మందేశారో నాకు తెలీదురా. అసలు జ్వరమొచ్చిందో లేదో కూడా తెలీదు. నీకేసినా మీ అక్కకేసినా మీ అమ్మే" అన్నారు. నన్ను ఓదార్చడానికి అన్నారో, తనకి తను చెప్పుకున్నారో తెలియలేదు. పెట్టేసే ముందు రోజూ అడిగే "పిల్లలు బాగున్నారా" అడగలేదు. ఇద్దరి పేర్లూ విడివిడిగా అడిగారు. ఒకడి గురించి చెప్పడం పూర్తయ్యేదాకా ఆగి, రెండోవాడి గురించి అడిగారు.

మొలతాళ్ళు ఇంకా ఉన్నాయి, తియ్యడానికి అత్తగారు ఒప్పుకోరు. నేను చూడటం తగ్గించాను. పొద్దున్న ఐదున్నరకి చీకట్లో "నాన్నా" అని వినపడితే, లైటు వెయ్యకుండా గొంతుని బట్టి పేరు పెట్టి పలుకుతాను. చాలాసార్లు సరిపోతుంది. వారంలో ఒకటి రెండుసార్లు తప్పుతుంది. ఇదివరకు తప్పితే ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు చీకట్లోంచి ఒక చిన్న గొంతు, కొంచెం విసుగ్గా, తన పేరు చెబుతుంది.